జోయెల్ వాళ్ళమ్మ

చంటిబిడ్డలున్న ఆడపిల్లల్ని కాలేజీ మానకుండా చదివించే సంస్థ అది, ఆత్మకూరులో. కొత్తగా చేరిన ముగ్గురు టీచర్లని పరిచయం చేసే మీటింగు అప్పుడే అయింది. ఆ ముగ్గురిలో ఒకామె టీ కూడా ముట్టకుండా డైరెక్టరు సారుని వరండాలో నిలదీసింది.

“వాళ్ళిద్దరి పేర్లూ చెప్పినారు, ఏం చదివినారో చెప్పినారు. నన్ను మాత్రం ‘మన జోయెల్ వాళ్ళమ్మ’ అంటిరే?”

“ఇక్కడ తల్లులందర్నీ బిడ్డ పేరుతోనే గదమ్మా పిలిచేది!”

“నేనిప్పుడు ఇక్కడ తల్లిని కాదు సార్, టీచర్ని. ఇంటర్లో పెళ్ళయిందనీ, మొగుడు వదిలేసినాడనీ, మీరు చేరదీసినారనీ అంతా చెప్పినారు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ పాసైనానని చెప్పేదానికి నోరు రాలేదా?”

“అందరూ చప్పట్లు కొట్టినారు, చూళ్ళేదా?”

“దేనికి కొట్టినారు? నా మొగుడు పారిపోయినందుకా?”

“మెల్లగా మాట్లాడు. నీ కత వింటే ఇక్కడ చదివే ఆడపిల్లలకి ధైర్యమొస్తుందని చెప్పినాను.”

“ధైర్యమా! ఇందాక ఉదయగిరి పిల్ల ఒకతి వచ్చి, ‘మీ ఆయన మళ్ళీ వచ్చినాడా అక్కా?’ అనడిగింది. నేనేం సబ్జెక్టు చెప్తానో అడగలేదు.”

సారు హాల్లోకి తొంగిచూశాడు.

“సరే పా. అందరూ లోపలే ఉండారు. మళ్ళీ మైకు పట్టుకుని సరిగ్గా చెప్తాను.”

ఆమె కోపం కాస్త దిగింది. ఆయన గడప దాకా పోయి, వెనక్కి తిరిగాడు.

“అలవాటు తప్పి గుర్తు రావడంలేదు గానీ... నీ పేరేందమ్మా?”

“నన్ను ఉద్యోగంలోకి తీసుకుంది మీరే గద సార్!”