మామిడిచెట్టు కింద డ్యూటీ

భిలాయి, సెక్టర్ ఆరు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. క్వార్టరు వరండాలో తల్లి గున్నమ్మ, కూతురు రజని. గేటు పక్కన మామిడిచెట్టు కింద, కుర్చీలో రజని మామగారు అప్పలసూరి.

"మెల్లిగా మాటాడే రజనీ, మీ మావగారికి వినబడిపోతాది. ఆయనకి కాళ్లు పడిపోనాయేటి?"

"లేదమ్మా."

"మరి పొద్దుట్నుంచి ఆ కుర్చీలోంచి లెగరేటే? నాను ఆటో దిగితే కూర్చొనే దండం పెట్టేరు. కూర్చొనే 'బాగున్నారా చెల్లెమ్మా' అన్నారు. టీ కూడా నువ్వే అక్కడికి పట్టుకెళ్లి ఇచ్చేవు. మీ పెళ్లిలో ఈ పంక్తికీ ఆ పంక్తికీ పరిగెట్టి వడ్డించిన మనిషి. ఎప్పట్నుంచే ఇలగ? నాకు ఫోన్లో చెప్పకూడదేటి?"

"కాళ్లు బాగానే ఉన్నాయమ్మా. డ్యూటీలో ఉన్నారు."

"రిటైరైపోనారు కదే."

"అయిపోయారు."

"మరి డ్యూటీ ఏటి?"

"అదే... ఇక్కడ అందరూ అలాగే ఉంటారు. నువ్వు మజ్జిగ తాగు."

"తాగుతాన్లే. నెత్తిమీద ఆ పచ్చ టోపీ ఏటి? స్టీలు ప్లాంటులో పెట్టుకునే హెల్మెట్టు కదా అది?"

"చెట్టు మీంచి కాయలు రాలతాయని."

"అయితే కుర్చీ ఇటు జరుపుకోవచ్చు కదే!"

"పోస్టు జరపకూడదట."

"అయిపోనాది. బుర్రకెక్కీసింది. బట్టీల దగ్గర పనిచేసినోళ్లకి ఆ సెగ మెల్లిమెల్లిగా బుర్రకెక్కీసి, రిటైరయ్యేక బయటపడతాదట."

"ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. నాకే తోచింది. ఇందాకా ఆ కూత కూసినప్పుడే అనుకున్నాను, ఏదో పేలిపోనాదని. మంచం కిందకి దూరీసేను."

"అది షిఫ్టు సైరనమ్మా. రోజూ కూస్తుంది."

"రోజూ పేలితే మరీ కష్టం కదే."

"అమ్మా!"

"నీకేటి, అలవాటైపోయింది. నాకు ఈ ఊరు చూస్తే గుండె దడదడలాడతంది. వీధులన్నీ ఒకలాగే, ఇళ్లన్నీ ఒకలాగే. పెరట్లో కాళ్లు కడుక్కొని తిరిగొస్తే పక్కింట్లోకి ఎల్లిపోనాను. అక్కడా అదే వంటిల్లు, అదే గూడు. ఆవిడ అట్టు కూడా ఏసి పెట్టీసింది. సగం తిన్నాక చూస్తే గోడమీద నీ పెళ్లి ఫొటో లేదు."

"అయ్యో. ఆవిడేమన్నారు?"

"ఏటంటాది? 'ఇంకోటి ఎయ్యమంటారా' అన్నాది. ఎవరివమ్మా నువ్వని అడగనైనా అడగలేదు. ముక్కూ మొహం తెలీనోళ్లకి అట్లేసి పెట్టే ఊళ్లో దొంగలు పడరేటి? అందుకే చెప్తన్నాను, సాయంత్రం రైలుకి నువ్వు నాతో వచ్చీ. ఇద్దరికీ టిక్కెట్లు తీసేను. ఎనిమిదో నెల్లో కదపకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు తొమ్మిది పడింది. తొలి పురుడు పుట్టింట్లోనే."

"డాక్టరమ్మ అంతదూరం రైలు వద్దందని చెప్పాను కదా."

"ఆ డాక్టరమ్మని మాత్రం ఎక్కడ కన్నారేటి? వాళ్లమ్మమ్మ ఇంట్లోనే కని ఉంటారు. చూడు, ఇది అత్తలేని ఇల్లు. అల్లుడు చూస్తే పొద్దున్నే రాయపూర్ ఎల్లి పొద్దుపోయేక వస్తాడు. ఇంటికాడ కుర్చీలోంచి లెగని మావగారు. నొప్పులొస్తే నిన్నెవరు చూస్తారే? ఆస్పత్రికి ఎవరు పట్టుకెల్తారు? అది తలుచుకుంటే నాకు ముద్ద దిగట్లేదు."

"ఏడవకమ్మా. ఇక్కడ ఏర్పాట్లున్నాయి."

"ఏ ఏర్పాట్లు?"

"చెప్తే నవ్వుతావు."

"నాను నవ్వగా ఎప్పుడు చూసేవు?"

"...మావయ్యనే అడుగు."

*

"అన్నయ్యగారూ, అమ్మాయి అన్నం వడ్డించీసింది. లెగండి."

"వస్తాను చెల్లెమ్మా. రిలీవరు రానీండి. గురునాథరావని, ఎనక వీధిలో ఉంటాడు. ఈపాటికి వచ్చీసుండాలి."

"రిలీవరంటే ఎవరండీ?"

"నా తర్వాత డ్యూటీ మనిషి. ఆడొచ్చి చార్జి తీసుకుంటేనే నేను లేవాలి. కోక్ ఓవెన్లో నా సర్వీసంతా అంతే. మండుతున్న బట్టీని ఒదిలీసి, టైమైపోయిందని ఇంటికెల్లిపోతామా? ఓసారి ఆ రిలీవరు రాకే నా పెళ్లి ముహూర్తం దాటిపోయింది."

"అయ్యయ్యో! మరి వదినగారు?"

"పాపం, పీటలమీదే కునుకు తీసింది. తర్వాత ముహూర్తానికి కట్టేను."

"అప్పుడంటే బట్టీ ఉందండీ. ఇది మామిడిచెట్టు. ఇది ఎక్కడికీ ఎల్లిపోదు."

"అరే, చెట్టుకి కాదు చెల్లెమ్మా. దీనికి."

"మెళ్లో తాళంచెవా? దేనిదండీ?"

"అదిగో, ఆ తెల్ల వ్యానుది. బండి పరబ్రహ్మం గారిది. మా దగ్గర ఇంజనీరు చేసి రిటైరయ్యేరు. మా కోడలికి ఎనిమిదో నెల పడ్డప్పుడే అనుకున్నాం. అబ్బాయేమో రాయపూర్లో. అవసరానికి సుపేలా బజారు నుంచి ఆటో పిలిస్తే, వస్తాడో రాడో. అందుకని వీధిలో రిటైరైనోళ్లం షిఫ్టులేసుకున్నాం. ఎ షిఫ్టు నాది. బి షిఫ్టు గురునాథరావు. సి షిఫ్టు పరబ్రహ్మం గారు."

"షిఫ్టులు ఎందుకండీ?"

"ఎందుకంటారేటి? మీ అమ్మాయి లోపల్నుంచి 'మావయ్యా' అని ఒక్క కేకేస్తే బండి గేటు దాటిపోవాలి. తాళం ఎక్కడుందిరా, చొక్కా ఏదిరా అని ఎతుక్కోకూడదు. తాళం ఎప్పుడూ ఒక మెళ్లో ఉండాలి. ఆ మెడ ఎప్పుడూ ఈ కుర్చీలో ఉండాలి. బస్, అంతే."

"...రేత్రుళ్లు కూడానా?"

"మూడు షిఫ్టులంటే మరి? పండక్కి కూడా సెలవు లేదు."

"నాకు తెలీదండీ. నాను మీకు కాళ్లు..."

"పడిపోయాయన్నారు. విన్నాను. బుర్ర సంగతి కూడా విన్నాను. పర్లేదు. మాక్ డ్రిల్ కూడా చేసీసేం తెలుసా?"

"అదేటండీ?"

"ఉత్తుత్తి నొప్పులు. ప్లాంటులో ఉత్తుత్తి అగ్నిప్రమాదం పెట్టి అందర్నీ పరిగెట్టిస్తారు కదా, అలగ. పరబ్రహ్మం గారి పొట్టకి తలగడ కట్టి, మీద దుప్పటి కప్పి, వ్యానులో పడుకోబెట్టి పెద్దాసుపత్రి దాకా తీసుకెళ్లేం. స్ట్రెచరు కూడా వచ్చీసింది."

"రామ రామ! ఆస్పత్రోళ్లు ఏటన్నారు?"

"ఎన్నో నెలని అడిగేరు. ఆయన కంగారులో రిటైరై ఎన్నేళ్లయిందో చెప్పీసేరు."

"పోన్లెండి. బండైతే టైముకి ఎల్లింది కదా?"

"ఎల్లింది. అంటే... తోసేం."

"తోసేరా?"

"బ్యాటరీ డౌను."

"బండి కదల్దా!"

"కదుల్తుంది చెల్లెమ్మా. స్టార్టవదు. ఆ రెండూ వేరు."

"ఓలమ్మ ఓలమ్మ! కదలని బండికి కాపలా కాస్తన్నారా ఇన్నాళ్లూ?"

"కదలని బండికే కాపలా కాయాలి మరి. కదిలే బండికేం భయం? టెన్షన్ పెట్టుకోకండి. గురునాథరావు సుపేలాకి బ్యాటరీ కోసమే ఎల్లేడు. అందుకే ఆలస్యం."

"దేనిమీద ఎల్లేరు?"

"సైకిలు మీద."

"ఈ ఎండలో, ఎనకాల బ్యాటరీ కట్టుకొని, ఆ లారీల రోడ్డుమీద! ఆయన వయసెంతండీ?"

"నాకన్నా సీనియర్."

"పడిపోయుంటారు! ఏ లారీ కిందో... అన్నయ్యగారూ? మీకలగ చెమట్లు పడతన్నాయేటి? చేతులొణుకుతున్నాయి!"

"ఏం లేదు. కొంచెం... షుగరు. మాత్ర ఏసుకున్నాను."

"ఎప్పుడు?"

"అన్నానికి ముందు."

"అన్నం తిన్నారా?"

"రిలీవరు..."

"మాత్రేసుకొని తిండి తినకుండా కూర్చున్నారా! లెగండి! ముందు లెగండి!"

"పోస్టు ఖాళీగా ఒదలకూడదు చెల్లెమ్మా."

"నాను కూర్చుంటాను బాబూ! లెగండి!"

"ఊరికే కూర్చోడం కాదు. చార్జి తీసుకోవాలి."

"ఇచ్చీండి! ఏటది? ఎలగ తీసుకోవాలి?"

"హెల్మెట్టు పెట్టుకోండి. తాళం మెళ్లో ఏసుకోండి. ఇప్పుడు 'చార్జి తీసుకున్నాను' అనండి."

"చార్జి తీసుకున్నాను! రజనీ! ఓసే రజనీ! బెల్లంముక్క పట్రావే, మీ మావగారి నోట్లో పెట్టు!"

"ఇంకొక్కమాట చెల్లెమ్మా. రిలీవరు రాకుండా..."

"లెగను! మా అమ్మోరి మీద ఒట్టు, లెగను! మీరు నడవండి ముందు!"

*

"అమ్మా."

"ఊఁ."

"ఆటో వచ్చేసింది. గేటు దగ్గర ఆగింది చూడు. నా బట్టలు సర్దేసుకున్నాను."

"ఇందాక నెత్తిమీద కాయ పడిందే. టంగుమంది. హెల్మెట్టు లేకపోతే ఈపాటికి నాకు పదోరోజు లెక్కెట్టుకుందురు."

"అది తీసెయ్యి ఇంక. నీతో వచ్చేస్తున్నాను. పొద్దుట్నుంచి నువ్వు ఏడుస్తుంటే నేను చూడలేకపోతున్నాను. డాక్టరమ్మకి నేనే ఏదో చెప్పుకుంటాను. మావయ్య కూడా తిని తేరుకున్నారు. 'అమ్మ మనసు కష్టపెట్టకు, ఎల్లిరా' అన్నారు. లే, దుర్గ్ స్టేషన్ దాకా వెళ్లాలి."

"మీ గురునాథరావు గారు వచ్చేరు."

"వచ్చారా? బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారు. లారీ కింద పడలేదు. బ్యాటరీ పెట్టేరు. తాళం ఓసారి ఇచ్చి తీసీసుకున్నాను, బండి స్టార్టయింది కూడా."

"చూశావా, ఊరికే కంగారుపడ్డావు. తాళం ఆయనకిచ్చేసి రా."

"ఇవ్వను."

"ఎందుకు?"

"ఆయనకి చెవులు వినబడవే. ఆటో అబ్బాయి చెవి పక్కనే హారన్ కొట్టేడు. తిరిగి చూడలేదు. నువ్వు లోపల్నుంచి కేకేస్తే ఆయనకెలగ తెలుస్తాది?"

"పరబ్రహ్మం గారికివ్వు మరి."

"ఆయనకి మొన్న డ్రిల్లులో నడుం పట్టీసిందట. నీకు నొప్పులొస్తే ముందు ఆయన్ని మొయ్యాలి."

"అవన్నీ మనకెందుకమ్మా? మనం ఊరెళ్లిపోతున్నాం కదా!"

"ఊళ్లో మాత్రం ఏటుందే? మీ నాన్న పొలం ఎల్తే నువ్వూ నానూ. నొప్పులొస్తే బండికోసం పరిగెట్టేదీ నానే, నీ చెయ్యి పట్టుకొని కూర్చునేదీ నానే. అక్కడ షిఫ్టులెవరేస్తారు? పక్కింటోళ్లు నిన్న కాక మొన్న గొడవాడేరు. ఇక్కడ చూడు. సగం అట్టు తిని ఒదిలీసేనని ఆవిడ ఇందాక టిఫిను డబ్బాలో ఇంకో రెండు పెట్టి పంపింది. ఆటో అబ్బాయిని ఎల్లిపొమ్మను."

"టిక్కెట్లో?"

"పోతే పోనీ."

"అమ్మా, పొద్దుట్నుంచి రావే రావే అని నన్ను చంపుకుతిన్నది నువ్వే కదా!"

"పొద్దుట నాను చార్జి తీసుకోలేదు."

"నవ్వాలో ఏడవాలో తెలీట్లేదు నాకు. లే అమ్మా, బాబ్బాబు."

"రిలీవరు రాకుండా లెగనని అమ్మోరి మీద ఒట్టేసేను."

"గురునాథరావు మావయ్య వచ్చారన్నావు కదమ్మా, ఆయనేగా రిలీవరు!"

"ఆయన మీ మావగారికి రిలీవరు. నాకు కాదు."

"అయితే నీ రిలీవరెవరమ్మా?"

"ఇంకా నీ కడుపులోనే ఉన్నాడే."