గుమ్మం మీద మూడక్షరాలు

హలో… ఆ, నేనే. స్కూల్ నుంచే. … లేదు, ఒంట్లో బాగానే ఉంది. మీరొకసారి ఆఫీసు బయటికొచ్చి మాట్లాడండి. … సరే, ఆగుతాను.

… వచ్చారా? … ల్యాబ్ గుమ్మం ముందు నిలబడి ఉన్నాను. పెయింటర్ తాత స్టూలెక్కి బోర్డు మీద నా ఇంటిపేరు గీకుతుంటే ఆపాను.

… అదే, నేనూ అడుగుతున్నాను. ఎందుకని?

… గుమస్తా గారు కాగితం చూపించారు. పెళ్లయింది కాబట్టి ఉద్యోగంలో ఇంటిపేరు మార్చమని నేను పెట్టుకున్న దరఖాస్తట. … అవును, సంతకం నాదే. కాదనను. రాత మాత్రం మీది. 'దరఖాస్తు'కు 'ధ' పెట్టేది మన ఇంట్లో మీరొక్కరే.

… ఎప్పుడు పెట్టించారు?

… నాన్న పోయిన నాలుగో రోజు. … ఆసుపత్రి కాగితాల్లో కలిపి. … కలపలేదా? మరి దానికదే వచ్చి అడుగున చేరిందా?

మీరు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశానండీ. ఆ రోజు నేను అక్షరం చదివే స్థితిలో లేను. అది మీకు తెలుసు.

… అత్తయ్యను మధ్యలోకి లాగకండి. ఆవిడ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అడగలేదు. … మీ ఆఫీసులో అందరి భార్యలూ మార్చుకున్నారు, సరే. వాళ్లకు తెలిసే మార్చుకుని ఉంటారుగా.

… పేరులో ఏముందా?

ఈ బోర్డు మీరెప్పుడైనా సరిగ్గా చూశారా? ఇంటిపేరు ఆ మూడక్షరాలూ నాన్న ఈ ల్యాబ్‌లో చేరిన రోజు రాసినవి. ఈ తాతే రాశాడు. నాన్న రిటైరై నేనొచ్చినప్పుడు పక్కనున్న పేరు చెరిపి నా పేరు రాశాడు. ఇంటిపేరు ముట్టుకోలేదు. 'ఒకే ఇంటి నుంచి వస్తే నాకు సగం పని తప్పింది మాస్టారూ' అన్నాడు. నాన్న ఎంత నవ్వారో. … ఆ. ఆ పాత రంగే.

… లేదు, ఏడవడం లేదు. పొద్దున్నుంచి నాలుగు క్లాసులు. గొంతు పోయింది.

… ఒకటి పోయింది. మొదటి అక్షరం. రెండోదాని మీద బ్లేడు పెట్టేసరికి నేను వచ్చాను.

వద్దు తాతా, దిగకు. అక్కడే ఉండు. … మీతో కాదు.

… బోర్డు ముందే మొదలుపెట్టారు గానీ, రికార్డులో ఇంకా ఎక్కలేదట. నాలుగింటికి ఫైలు పెద్దాఫీసుకు వెళ్తుంది. ఈలోగా వద్దని రాసిస్తే చాలన్నారు. … రాసి ఇచ్చేశాను. మీకు చెబుదామని ఫోన్ చేశాను. అడగడానికి కాదు.

… పరువా? ఎవరిది? … గోరంతను కొండంత చేస్తున్నానా!

…

ఒక్క మాట వినండి. అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. … నిజంగానే. పెళ్లైన కొత్తలో నోట్‌బుక్ వెనక పేజీలో మీ ఇంటిపేరుతో సంతకం చేసి చూసుకున్నాను కూడా. బాగానే ఉందనిపించింది. … ఎందుకు చెప్పాలి? మీరు అడుగుతారనుకున్నాను.

… లేదు. ఇప్పుడు అడిగితే అది అడిగినట్టు కాదు.

… బెల్లు కొట్టారు. పిల్లలొస్తున్నారు. … సాయంత్రం ఇంటికే వస్తాను. ఎక్కడికి పోతాను? … మాట్లాడదాం. ముందు ఆ రోజు సంతకాలు పెట్టించిన కాగితాల కట్ట బల్ల మీద పెట్టి ఉంచండి. ఒక్కొక్కటీ చదువుతాను.

… ఉండండి, తాత ఏదో అడుగుతున్నాడు.

మొదటి అక్షరం మళ్లీ రాసెయ్యి తాతా. మిగతా రెండూ ముట్టుకోకు. … తెలుసు, కొత్త రంగు కలవదు. … కలవకపోతే కలవకపోనీ. తేడా తెలియనీ. … స్టూలు కదులుతోందా? ఉండు, పట్టుకుంటాను.

… హలో? మీరింకా లైన్లోనే ఉన్నారా?

… విన్నారుగా.

… ఉంటాను మరి. స్టూలు పట్టుకోవాలి. రెండు చేతులూ కావాలి.