ఒక నిద్ర బాకీ

బండి కొన్ననాటి నుంచీ నళినిని ఒక సందేహం పట్టుకుని వదల్లేదు: అన్నీ ఆపి, మెయిన్ స్విచ్ కట్టేసి పెట్టిన మోటర్‌హోమ్‌లో బ్యాటరీ ఎలా అయిపోతోంది? అమెరికాలో, మిషిగన్‌లోని నోవైలో ఏప్రిల్ నెల, శనివారం ఉదయం. ఇంటి ముందు డ్రైవ్‌వేలో, వంటిల్లూ పడకా ఉన్న ఆ పాత బండి. లోపల నళిని, బండి గుమ్మంలో ఆమె భర్త చక్రపాణి.

“…అందుకే అంటున్నా, ఆయన వచ్చేలోపు ఈ సామానంతా దింపెయ్యాలి నళినీ. పదింటికల్లా వస్తానన్నాడు.”

“ఎవరు?”

“ఎవరేమిటి? బండి కొనేవాడు!”

“ముందు ఆ బూట్లు విప్పి లోపలికి రండి. దేవుడున్న చోటికి అలాగే వచ్చేస్తున్నారేమిటి?”

“అమ్మేసే బండిలో దేవుడేమిటి?”

“అమ్మేస్తున్నట్టు ఆయనకి చెప్పారా? నాకే చెప్పలేదు, మొన్న తన్వి ఫోన్లో అనేదాకా. షాంటిలీలో ఉన్న కూతురికి తెలిసింది, ఈ ఇంట్లో ఉన్న పెళ్ళానికి తెలియలేదు.”

“చెబుదామనే అనుకున్నా. అయినా నీకు తెలియని సంగతా? బ్యాటరీ నిలవదు. ఎప్పుడు బయల్దేరదామన్నా చచ్చి ఉంటుంది. మార్చీ మార్చీ విసుగొచ్చింది.”

“దొంగని పట్టుకున్నాను.”

“ఏ దొంగ?”

“బ్యాటరీ తాగే దొంగ. మెయిన్ స్విచ్ చూడండి. కట్టేసే ఉంది కదా?”

“ఉంది.”

“లైట్లు లేవు, ఫ్యాను లేదు. ఇప్పుడు ఆ దేవుడి అలమర తలుపు తియ్యండి.”

“తీశాను.”

“ఏం కనపడింది?”

“ఎర్ర బల్బు. వెలుగుతోంది.”

“మెయిన్ కట్టేస్తే ఎలా వెలుగుతోంది? స్విచ్ దాకా రాకుండా, నేరుగా బ్యాటరీ నుంచి వైరు లాగారు కాబట్టి. ఎవరు లాగారు?”

“పాత ఓనరు అయ్యుంటాడు.”

“పాత ఓనరు వైరుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాడా?”

“…పసుపు నువ్వు పెట్టమన్నావు. బండికి పూజ చేసిన రోజున.”

“వైరు ఎవరు లాగమన్నారు?”

“నువ్వే! దేవుడి దగ్గర దీపం ఆరకూడదన్నావు. మెయిన్ కట్టేస్తే ఆరిపోతోందని మొహం ముడుచుకున్నావు. నేరుగా కలిపేశాను, అంతే. తర్వాత నాకూ గుర్తులేదు.”

“నాకు చెప్పలేదే?”

“వెలిగిందని సంతోషించావు. ఎలా వెలిగిందని అడిగావా? పైగా బండి దిగే ముందు దేవుడికి పవళింపు చేసి తలుపు మూసేసేది నువ్వేగా. ఇక ఎవరికి కనపడుతుంది?”

“బాగుంది. మీరు కలపడం, నేను మూయడం. ఆయన లోపల తీరిగ్గా పడుకుని బ్యాటరీ తాగడం.”

“సరే, దొరికిందిగా. తీసేస్తా ఉండు.”

“చెయ్యి పెట్టకండి!”

“నళినీ, ఆ వైరు ఉంటే మళ్ళీ బ్యాటరీ—”

“తలుపు మూశామని ఆయనకి వెలుగు అక్కర్లేకపోతుందా? నాకు తెలీదు. తెలియనప్పుడు ఆర్పడం ఎందుకు? ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. బయటికెళ్ళి పైకప్పు మీద ఏముందో చూసి రండి.”

“…సోలార్ ప్యానెల్! ఇదెప్పుడు?”

“మీరు ఆఫీస్‌లో ఉండగా. లిథియం బ్యాటరీ, దానికి తగ్గ కొత్త ఛార్జరు, ఇన్వర్టరు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి దగ్గరుండి చేయించాను. ఈ దీపం వైరుకి ఫ్యూజు కూడా పెట్టించాను. ఇక దీనికి నూనె సూర్యుడే పోస్తాడు.”

“నన్నొక మాట అడగాలనిపించలేదా?”

“అమ్మేముందు మీకనిపించిందా?”

“అది కాదే. దీపం ఒక్కటేనా? మిక్సీ వేస్తే స్టవ్ ఆగిపోతుంది, స్టవ్ పెడితే మైక్రోవేవ్ ఆగిపోతుంది. దారి పొడుగునా పచ్చడి ముందా అన్నం ముందా అని కొట్టుకున్నాం.”

“మెయిన్ ఆన్ చెయ్యండి. స్టవ్ మీద నీళ్ళు పెట్టాను. ఇదిగో మిక్సీ.”

“ఏమిటి? వినపడట్లేదు!”

“మిక్సీ తిరుగుతోంది, అందుకే వినపడట్లేదు!”

“ఆపు, ఆపు! సరే. తిరిగింది. మరి పైకప్పు కారుతుందిగా?”

“పాత సీలు గీకేసి కొత్తది వేశాను. రేణు నిచ్చెన పట్టుకుంది.”

“ఏ రేణు? మన గుడికొచ్చే రేణు? స్కూల్ బస్ నడుపుతుందే, ఆవిడా?”

“ఆవిడే.”

“ఆవిడకిక్కడేం పని?”

“ముందు మీ వంకలన్నీ అవనివ్వండి.”

“టైర్లు పాతబడ్డాయి.”

“మొన్నటిదాకా. వంగి చూడండి.”

“నళినీ, నేను కొనేవాడికి మాటిచ్చాను.”

“బండి కాగితాల మీద నా పేరూ ఉంది. నేను సంతకం పెట్టను.”

“ఇది మొండితనం.”

“అవును. ఇంకా ఏముంది చెప్పండి.”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే ఎందుకు అమ్మడం?”

“ఏం లేదన్నానా!”

“నిరుడు అక్టోబర్లో, పొద్దువాలే వేళ, లాన్సింగ్ ఊరు దాటాక బండి పక్క లేన్‌లోకి వెళ్ళిపోయింది. ట్రక్కువాడు హారన్ కొట్టాడు.”

“…నువ్వు నిద్రపోతున్నావనుకున్నా.”

“కళ్ళు మూసుకుని రామనామం చెప్పుకుంటున్నా.”

“మరి అడగలేదేం?”

“మీరే చెబుతారని.”

“…గీతలు కనపడట్లేదు నళినీ. వెలుగు తగ్గితే చాలు, రోడ్డు మీద తెల్లగీత కరిగిపోతోంది. చీకటి పడ్డాక కారు తియ్యడం కూడా మానేశాను, నువ్వు చూడలేదా? ఇంత బండి, పక్కన నువ్వు… నా వల్ల కాదు. బ్యాటరీ మీద పెట్టి చెబితే నువ్వు ఊరుకుంటావనుకున్నా.”

“మీకు గీతలు కనపడకపోతే బండిని ఎందుకు అమ్మాలి? అదేం తప్పు చేసింది?”

“మరెవరు నడుపుతారు? ఆ అలమరలో ఆయనా?”

“రేణు ఎందుకొచ్చిందని మళ్ళీ అడగండి.”

“…నళినీ!”

“గుడి పార్కింగ్ లాట్‌లో. మంగళవారం, గురువారం. మొదట్లో స్టీరింగ్ తిప్పడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు రివర్స్ కూడా వచ్చు.”

“అందుకా మైళ్ళు పెరిగాయి! మీటరు కూడా చెడిపోయిందనుకుని, కొనేవాడికి ఎలా చెప్పాలా అని చూస్తున్నా. లైసెన్స్ ఏదీ?”

“దీనికి మామూలు లైసెన్స్ చాలు. రేణుని అడిగే ఎక్కాను.”

“సరే, ఇదంతా ఆ కొనేవాడికి ఎవరు చెబుతారు? పదవుతోంది, వచ్చేస్తాడు.”

“రాడు. పొద్దున్నే ఫోన్ చేసి, అమ్మడం లేదు, ఏమీ అనుకోవద్దని చెప్పాను. ముందు విసుక్కున్నాడు. దీపం సంగతి చెబితే నవ్వాడు.”

“తన్వికేం చెబుదాం?”

“ఫొటో పంపుదాం. మాకినా బ్రిడ్జి దగ్గర్నుంచి.”

“అంత దూరమా? ఇవాళా?”

“మొదటిసారి ఆ బ్రిడ్జి అవతలికి వెళ్ళి తిరిగొస్తున్నప్పుడు, ఆ మంచులో, బ్యాటరీ చచ్చి హీటరు ఫ్యాను ఆగిపోయింది. ఏం చేశారు?”

“ఏం చేస్తాను? నీకా ఒళ్ళు కాలిపోతోంది. ఇంజన్ ఆపితే చలి. తెల్లార్లూ నడుపుతూనే ఉన్నాను.”

“నేను ఈ సోఫాలోనే పడి నిద్రపోయాను. బ్రిడ్జి ఎప్పుడు దాటామో కూడా తెలీదు. పొద్దున ఇంటి ముందు ఆపి నాతో ఏమన్నారు?”

“గుర్తులేదు.”

“‘నళినీ, నాకొక నిద్ర బాకీ పడ్డావు’ అన్నారు.”

“ఏదో వేళాకోళానికి—”

“నేను అలా తీసుకోలేదు. అదే సోఫా. కూర్చుని బెల్టు పెట్టుకోండి. దుప్పటి పక్కనే ఉంది.”

“ఇప్పుడే? బట్టలూ అవీ?”

“నిన్ననే సర్దాను. పులిహోర కూడా కలిపాను. దేవుడికి నైవేద్యం అయింది.”

“అద్దాలు చూసుకో. వెనక మెయిల్‌బాక్స్—”

“కళ్ళు మూసుకోండి.”

“కొంచెం ఎడమకి—”

“మూసుకోండి అన్నానా!”

“…కదిలింది.”

“ఊఁ.”

“మెయిల్‌బాక్స్ తగల్లేదు!”

“ఊఁ.”

“నళినీ, నాకు నిజంగానే నిద్రొస్తోంది. బ్రిడ్జి వచ్చినప్పుడు లేపు.”

“లేపను. ఆ రాత్రి మీరు నన్ను లేపారా?”