గుండెలో కపటం

అమ్మానాన్నలు వినే ధైర్యం లేక తలుపవతలే ఉండిపోయారు. లోపల డాక్టరమ్మ, పాప నాయనమ్మ.

"పాప గుండెలో కవాటం పాడైందమ్మా. కొత్తది పెంచి పెడతాం."

"కపటమా! నాలుగేళ్ళ పిల్ల గుండెలో కపటమా? పైగా కొత్తది పెంచుతారా?"

"పాపతో పాటే అదీ పెరుగుతుంది."

"వద్దు తల్లీ! మా ఇంట్లో ఆ పంట దాని తాతతోనే ఆఖరు!"

"అయ్యో, కపటం కాదమ్మా, కవాటం. గుండెలో తలుపు లాంటిది. నెత్తుర్ని ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు."

"తలుపా! నా చెవులు తగలెయ్య. మరి పెంచడమేమిటి, అదేమన్నా పాదా?"

"పాదే అనుకోండి. చిన్న పందిరి వేసి, పాప కణాల్నే దానిమీద పాకిస్తాం. అల్లుకున్నాక పందిరి కరిగిపోతుంది."

"మామూలు కవాటం పెడితే?"

"పాప ఎదిగేకొద్దీ ఇరుకవుతుంది. మళ్ళీ మళ్ళీ గుండె కోయాలి."

"ఇదైతే అక్కర్లేదా?"

"అక్కర్లేదనే ఆశ. కొత్త వైద్యం, మాటివ్వలేను."

"కపటం లేకుండా చెప్పావమ్మా. అది చాలు."

నాయనమ్మ తలుపు తీసింది.

"ఒరే అబ్బాయ్, అమ్మాయ్, ఏడుపాపండి! నా కేకలు విని హడలిపోయారా? కపటం కాదర్రా, కవాటం! తప్పు నా చెవిది. పిల్ల గుండెకు పిల్లతో పాటు పెరిగే తలుపు పెడతారట. లోపలికొచ్చి సరేననండి!"