తొమ్మిది మార్కుల రోజు

వంటింట్లో ఆవిడ గిన్నెలు తోముతోంది. ఆఫీసుల చుట్టూ తిరుగుతూ సంతోషం మీద పాఠాలు చెప్పే ఆవిడ మొగుడు, ఆవిడ రాసిన నోటుబుక్కు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రేపు బ్యాంకువాళ్ళ మీటింగులో దాన్ని తెర మీద చూపిస్తానని చదవకుండానే మాటిచ్చేశాడు మహానుభావుడు.

“గీజరుంది ఇందులో! రెండుసార్లుంది! నేను లేను.”

“ఏ పేజీలో?”

“ఏ పేజీలోనూ లేను! వంద రోజులు, రోజుకి మూడు మంచి విషయాలు. మూడొందలు! పక్కింటి పిల్లి ఉంది. కుళాయి బాగుచేసినతను ఉన్నాడు. ‘చెప్పిన టైముకి వచ్చాడు, చెప్పింది చేశాడు, వెళ్ళిపోయాడు’ అట. కట్టుకున్నవాణ్ణి, నేనెక్కడ?”

“మనసుకేది తోస్తే అది రాయమన్నది మీరేగా. ఆలోచించి రాస్తే అబద్ధాలొస్తాయన్నారు.”

“అది క్లాసులో చెప్పే మాట!”

“నేనూ క్లాసనుకునే విన్నానండీ. పొద్దున్న, మధ్యాహ్నం, పడుకోబోయే ముందు. ఆదివారం కూడా సెలవు లేని క్లాసు.”

“వెటకారం ఆపు. రేపు రెండొందల మంది కూర్చుంటారు. ఏడాది పొడుగునా నన్నే పిలవాలా, ఇంకొకణ్ణి చూసుకోవాలా అని రేపే తేలుస్తారు. సంతోషం నేర్పేవాడి పెళ్ళాం పుస్తకంలో పిల్లి ఉండి మొగుడు లేకపోతే నా పరువేం కావాలి?”

“పిల్లి మంచిదేనండీ.”

“పిల్లి సంగతి కాదు! సరే, అది వదిలెయ్. రోజుకి పదికి ఇన్నని మార్కులు వేసుకోమన్నానా? ఇవేమిటి, నాలుగు, నాలుగు, మూడు, నాలుగు... ఆఁ, ఇక్కడ తొమ్మిది! తొమ్మిది, తొమ్మిది! చూశావా, నా పద్ధతి పనిచేసింది!”

“ఊఁ.”

“ఏం చేశాం మనం ఆ వారం?”

“మీరు క్యాంపుకెళ్ళారు.”

“ఓహో... మరి ఇక్కడ? ఆ తర్వాతి నెల, వరసగా మూడు రోజులు తొమ్మిది?”

“అదీ క్యాంపే.”

“అంటే నేను ఊళ్ళో లేకపోతే నీకు...”

“ఆ ముక్క నేనెక్కడా రాయలేదు. మీరే కనిపెట్టారు.”

“ఇలా రా. కూర్చో. పెన్ను తీసుకుని మార్చు. నాలుగుని తొమ్మిది చెయ్యడమెంతసేపు?”

“చేతులు తడిగా ఉన్నాయి.”

“అయితే నేనే మారుస్తా. ‘మా ఆయన నవ్వు చూశాను’ అని ఒకటి. ‘మా ఆయన మాట వింటే ప్రాణం లేచొస్తుంది’ అని ఒకటి. అబ్బ, ఇది బావుంది.”

“బావుంది. ఎవరు రాశారో కూడా తెలిసిపోతుంది.”

“నీకు నవ్వులాటగా ఉంది. అక్కడ నా... ఉండు ఉండు! ఇదేమిటి? పదో తారీఖు, తొమ్మిది! ఆ రోజు నేనింట్లోనే ఉన్నా!”

“ఉన్నారు.”

“గొంతు పూడుకుపోయింది నాకు! డాక్టరు నోరు తెరవొద్దన్నాడు. రోజంతా ఇదిగో, ఈ స్టూలు మీదే కూర్చున్నా!”

“అవును. నేను మాట్లాడాను, మీరు ఊరుకున్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళకి మొదటిసారి, మొదలుపెట్టిన మాట చివరిదాకా చెప్పగలిగాను. ఎంత సంతోషమేసిందో! ఏడుపు కూడా వచ్చింది.”

“హమ్మయ్య! చాలు, నాకిదొక్క పేజీ చాలు! ఏం రాశావు... ‘ఒకటి, అంతా చెప్పేశాను. రెండు, ఎవరూ అడ్డు రాలేదు. మూడు, గుండెల మీది బరువు దిగింది.’ ‘ఎవరూ’ అంటే నేనేగా! ఉన్నాను! ఇందులో నేనున్నాను!”

“ఉన్నారు లెండి.”

“రేపు ఇదే వేస్తాను తెర మీద. ‘నోరు మూసుకుని వినండి, మీ ఇల్లు తొమ్మిది మార్కులిల్లు అవుతుంది!’ చప్పట్లే చప్పట్లు. ఇంతకీ ఏం చెప్పావు ఆ రోజు?”

“గుర్తు లేదా?”

“ఎందుకు లేదు! ఫోన్లో ఏదో చూసుకుంటూ విన్నాననుకో, అయినా విన్నాను. నీ మొహం వెలిగిపోయింది, అది బాగా గుర్తుంది. మాటలే... కాస్త అందించు.”

“కళ్ళద్దాల కంపెనీలో ఉద్యోగం వచ్చిందన్నాను. పెళ్ళికి ముందు చేసిన పనే, లెన్సుల తనిఖీ. ఊరు దూరం, అక్కడే గది తీసుకున్నాను, ఇక ఉండడం అక్కడేనన్నాను. మీకు సమ్మతమేనా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తల ఊపారు కదండీ. ఎల్లుండి చేరాలి.”