కాస్పియన్ దాటిన అల్లం

వానకు ఘాటీ రోడ్డు తెగి జీపులన్నీ అవతలే ఆగిపోయాయి. పెదబయలు టీ కొట్టు ముందు ఆడవాళ్ళు అల్లం బస్తాలు దింపి కూర్చున్నారు. ఇదే అదనని షావుకారు వరహాలరావు ధర దించేసి, కాటా తగిలించాడు. నాలుగు రోజులు ఆగితే అల్లం కుళ్ళుతుంది. గంగ తన బస్తాను కాటా వైపు జరిపింది.

పక్క బస్తా మీద కూర్చున్న పెద్దావిడ మగ్దలేనమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆగవే గుంటా! రోడ్డు తెగితే సరుకాగిపోద్దని ఎవరు సెప్పారు? ఆ ఏడు ఇలాగే తెగితే, బస్తా నేలకి దింపకుండా ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తికి మార్సుకుంటూ అవతల జీపెక్కించీసినాను. అరకు స్టేషన్లో ఇనపరాయి రైలు గార్డు ఆ బస్తాలు సూసి, మట్టంటలేదేటని నోరెల్లబెట్టినాడు. ఆ తర్వాత ఏటయిందో తెల్సా? ఢిల్లీ నుంచి నాకు పిలుపు!"

"విమానంలోనా?" అన్నాడు టీ కొట్టు గాసి.

"మరేటి, నీ సైకిల్ మీదా? అక్కడ మనోళ్ళూ ఇరానోళ్ళూ రష్యావోళ్ళూ కూకున్నారు. బొంబాయి నుంచి ఓడ, ఇరాన్లో రైలు, కాస్పియన్ సముద్రంలో మళ్ళీ ఓడ, దిగితే రష్యా. సూయజ్ కాలవ మీంచి సుట్టు తిరగక్కర్లేదు, రోజులూ ఖర్సూ మిగుల్తాయి. సంతకాలు పెట్టీసి ఫొటోలు దిగీసినారు. అందరూ మగోళ్ళే కదా, మోసేదెవరో రాసుకోడం మరిసిపోనారు! ఇంతలో అమెరికావోడొచ్చి ఇరాన్ దారి కూడదన్నాడు. ఎందుకంటాడూ? దారి ఒక్కటే ఉంటే, ధర దాన్ని పట్టుకున్నోడిదే. కావలిస్తే ఈ బాబుని అడగండి."

"మధ్యలో నన్నెందుకు లాగుతావు?" అన్నాడు వరహాలరావు.

"కాస్పియన్ కాడ ఓడలు సాల్లేదు. మన పెదబయలు ఆడోళ్ళని సముద్రంలో వరసగా నిలబెట్టీసినాను. కంటైనర్లర్రా, ఒక్కోటి ఈ కొట్టంత! నెత్తి మీంచి నెత్తికి, సుక్క తడవకుండా రష్యా ఒడ్డుకి! ఆ సాయంత్రమే సూయజ్ కాలవోళ్ళు ఫోన్లో ఒకటే ఏడుపు. 'కాలవలో గేదెల్ని కడుక్కుంటన్నాం, సగం సరుకైనా ఇటు తోలు తల్లీ' అని!"

గంగ అడిగింది: "సముద్రం నడిమధ్య నిలబడిందెవరు పిన్నీ?"

"ఇంకెవరే? నేనే."

"మొన్న మోకాల్లోతు వాగుకే నా వీపెక్కీసినావు కదా!"

కొట్టంతా గొల్లుమంది. మగ్దలేనమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. అందరికంటే పెద్దగా నవ్వింది వరహాలరావే. "తేలిపోయింది కదా, ఇక తూద్దాం," అంటూ గంగ బస్తా మీద చెయ్యేశాడు.

గంగ ఆ చెయ్యి తీసేసింది.

"సముద్రం అబద్ధం బాబూ. దారి పట్టుకున్నోడి సంగతి మాత్రం నిజమే." ఆమె మగ్దలేనమ్మ వైపు తిరిగింది. "తెగిన కాడిదాకా నేను మోస్తాను. అక్కణ్ణుంచి అందుకుంటావా, పిన్నీ?"

మగ్దలేనమ్మ లేచింది. పమిటచెంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుంది.