రెండో చెయ్యి

మా కొండవాగు పొంగి వంతెనను ఎత్తుకుపోయాక రెండో ఏడు. తెల్లారితే అప్పెంజెల్ ఊరి మైదానంలో సభ. మగవాళ్లంతా నిలబడి, చేతులెత్తి చట్టాలు తేల్చే సభ అది. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది ఈసారి ప్రశ్న. ఆ రాత్రి పక్కింట్లో మొగుడూ పెళ్లాల మాటలు గోడ ఇవతలికి వినపడ్డాయి.

“నా కత్తి ఏదే?”

“దాచాను.”

“నడుముకు అది లేకపోతే సభలోకి రానివ్వరు.”

“తెలుసు. మాకోసం చెయ్యెత్తుతానను, ఇస్తాను.”

“పక్కనే మా అన్న నిలబడతాడు. ఊరంతా చూస్తుంది.”

“పాలు పితికేది నేను. పాలధర తేల్చేది నువ్వూ మీ అన్నా.”

“నా చెయ్యి నీది కాదా?”

“అయితే దానిచేత ఈ గిన్నెలు తోమించు.”

అతను అటూ ఇటూ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినపడింది.

“కాలుగాలిన పిల్లిలా తిరగకు. ఏదో ఒకటి చెప్పు.”

“మాటివ్వలేనే.”

“సరే. కత్తి పాప పరుపు కింద ఉంది, తీసుకో. పాపను లేపకు. బతిమాలి తెచ్చుకున్న చెయ్యి నాకెందుకు?”

మర్నాడు సభలో నేను ఆ అన్నదమ్ముల వెనకే ఉన్నాను. ఆడవాళ్లకు ఓటు ఇవ్వాలనేవాళ్లు చేతులెత్తమనగానే అతను చెయ్యెత్తాడు. అన్న ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగాడు. అతను రెండో చెయ్యి ఎత్తాడు.